యువజనుల చేను: మేము వెళ్ళి చూచినది

(శతవార్షికోత్సవ గ్రామసేవా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలములో యువజన సహవాసముల చేతికి అప్పగించిన సాగు పనిని చూచి నివేదిక వ్రాయుమని మమ్ములను ముగ్గురిని పంపారు. ముగ్గురమూ పాస్టర్లమే. ఇద్దరము కూలి చేసి బ్రతికినవారి బిడ్డలము. అయినను అరక పట్టి ఇరవై ఏండ్లు దాటినది. మా చేతికి ఒక ఫారము ఇచ్చారు. ఎకరములెన్ని, లబ్ధిదారులెందరు, దిగుబడి ఎంత, ఖర్చు ఎంత, శిక్షణ తరగతులెన్ని అని అందులో గడులున్నవి. గడులన్నీ నింపి ఇచ్చాము. ఆ కాగితము ఆఫీసులో ఉన్నది. గడులలో పట్టని సంగతులు కొన్ని మాత్రము మా దగ్గర మిగిలిపోయినవి. వాటిని ఈ సభలో చెప్పవలెనని నిలువబడ్డాము.

మొదట మా తప్పు ఒప్పుకొనవలెను. మొదటి పర్యాయము ముందుగా కబురు చేసి వెళ్ళాము. రెండు గ్రామములలోను దండలు వేశారు, శాలువాలు కప్పారు, కోడిని కోశారు. శాలువా కప్పుకొన్నవాడు లెక్కల పుస్తకము తెరచి, ఈ మూడు వందలకు రసీదు ఏదమ్మా అని ఏ ముఖముతో అడుగును? నెహెమ్యా యెరూషలేము గోడలను చూడబోయినప్పుడు రాత్రివేళ, కొద్దిమందిని వెంటబెట్టుకొని, ఎవరికీ చెప్పక వెళ్ళాడు. పడిన గోడను పడినట్టే చూచాడు. వేదాంత కళాశాలలో మాలో ఒకరు ఆ అధ్యాయము మీదనే పరీక్ష వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నారు గాని, ఒక పనిని ఎట్లు తనిఖీ చేయవలెనో అందులో ఉన్నదని అప్పుడు తోచలేదు. కనుక నెల తరువాత ఎవరికీ చెప్పక, తెల్లవారుజామున బస్సు దిగి, మరల వెళ్ళాము. ఇప్పుడు చెప్పబోవునవి ఆ రెండవ ప్రయాణపు సంగతులు.

గ్రామముల పేర్లు చెప్పము. పేరు చెప్పినయెడల ఒకరికి సిగ్గు, మరొకరికి గర్వము; రెండును వ్యవసాయమునకు పనికిరావు.

మొదటి గ్రామములో పుస్తకములు బహు చక్కగా ఉన్నవి. అట్టలు వేసి, ఎర్ర గీతలు గీచి, ప్రతి పుట క్రింద సంతకములున్నవి. చేను మాత్రము బీడు. మందు కొట్టు స్ప్రేయర్లు రెండు, నీటి పైపుల చుట్ట ఒకటి గుడి వెనుక గదిలో తాళము క్రింద ఉన్నవి. యువజన నాయకుడు హైదరాబాదులో కారు నడుపుచున్నాడు. అతనిని తప్పు పట్టము. ఇంటిలో అప్పు ఉన్నవాడు నెల జీతమునకు పోక మానడు. పుస్తకములోని చేతివ్రాత ఎవరిదని అడిగితే కొంతసేపు ఎవరూ పలుకలేదు. తుదకు తెలిసినది: అక్కడి పాస్టరుగారిదే. మేము ముగ్గురమూ ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. మన సంఘములలో ఎన్ని పనులకు పుస్తకములు మన చేతివ్రాతతోనే నడచుచున్నవో ఇక్కడ కూర్చున్న పాస్టర్లందరికీ తెలియును. ఆ గ్రామమును గూర్చి ఇంతే.

రెండవ గ్రామమును గూర్చి ఎక్కువ చెప్పవలసియున్నది.

అక్కడ సంఘమునకు మిషను నాటి చెలక ఆరు ఎకరములున్నది. ఏండ్ల తరబడి సర్కారు తుమ్మ కమ్ముకొని, మేకలు కూడ దూరలేని పొద అయిపోయినది. కౌలు పాట పెట్టిన ప్రతిసారి పాడుటకు ఒక్కడూ రాలేదు. యువజనులు పద్నాలుగుగురు, అందులో ఆడపిల్లలు ఐదుగురు, ఆ పొదను మాకిమ్మని అడిగారు. తీసుకోండి అన్నారు పెద్దలు. ఇచ్చుటకు అంతకన్న పనికిరానిది మరొకటి లేదు గనుక. తుమ్మ మొద్దులు తవ్వుటకే రెండు వేసవులు పట్టినది. తుమ్మను నరికితే చాలదు, వేరుతో తీయనిచో వానకు మరల లేచునని మీకు తెలిసినదే. ఆ మొద్దులను కట్టెలుగా అమ్మి పాత మిషను బావి పూడిక తీయించారు.

లెక్కల పుస్తకము బడిపిల్లల నోటుబుక్కు. ఇంటరు చదివి ఆగిపోయిన ఒక అమ్మాయి వ్రాయుచున్నది. అట్ట చినిగినది, మీద టీ మరక ఉన్నది. కాని మాకు ఎంతో సంతోషము కలిగించిన పుస్తకము అదే. ట్రాక్టరు కిరాయి, విత్తనములు, కూలి, టీ, పాము కరచినవానిని ఆసుపత్రికి తీసికొనిపోయిన ఆటో కిరాయి, అన్నియు ఉన్నవి. మొదటి ఏటి లెక్క చివర రూ. 11,000 నష్టమని వ్రాసి, దాని క్రింద ఒక వాక్యము వ్రాసినది: ఆరు ఎకరాలూ పత్తే వేసుడు మన తప్పు. మన అధ్యక్ష మండలపు ఏ నివేదికలోనైనను ఇట్టి వాక్యము ఎన్నడైన చదివామా అని తలపోసుకొన్నాము.

పత్తి వేయుమన్నవారు పెద్దలే. చుట్టు ప్రక్కల అందరూ అదే వేయుచున్నారు గదా అన్నారు. బి.టి. పత్తి మన దేశములో 2002లో అనుమతి పొందినది. మొదట కాయతొలుచు పురుగుల బాధ తగ్గినమాట నిజమే. తరువాత గులాబి రంగు పురుగు ఆ విత్తనమునకు లొంగకుండ పోయినది. విత్తనము కొనవలె, మందు కొనవలె, ఎరువు కొనవలె. అమ్మునాడు ధర మాత్రము మన చేతిలో లేదు. అప్పు తెచ్చి ఆరు ఎకరములు ఒకే పంట మీద పెట్టుట జూదము వంటిది. పెద్దలకు ఒక ఏడు పోయినను ఓర్చుకొందురు. పిల్లలకు అదే మొదటి ఏడు.

రెండవ ఏట వారు జొన్న సాళ్ళ మధ్య కంది వేశారు, ఒక ప్రక్క పెసర వేశారు. ఇది క్రొత్త విద్య కాదు. మన తాతలు వేసిన పద్ధతియే. పెసర రెండు నెలలకే చేతికి వచ్చి కూలి డబ్బు ఇచ్చును. జొన్న ఇంటికి తిండి, గొడ్డుకు చొప్ప. కంది ఆలస్యముగా వచ్చును గాని, దాని వేరు లోతునకు పోయి నేలకు బలమిచ్చును, ఆకు రాలి ఎరువగును. ఒకటి పోయినను మరొకటి నిలుచును. పేడ, ఆవు మూత్రము, బెల్లము, పప్పుల పిండి, గుప్పెడు మట్టి నీళ్ళలో కలిపి పులియబెట్టి జీవామృతము కూడ చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి ప్రభుత్వము వారే ఇట్టి ప్రకృతి సాగును ఊరూరా నేర్పించుచున్నారు. 2024లో ఆ పనికి పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానము కూడ వచ్చినది. వాసన మాత్రము బహుమానము వచ్చినట్టుండదు, దగ్గర నిలువబడినవారికి తెలియును.

కూలి సంగతి చెప్పకపోతే ఈ నివేదిక అబద్ధమగును. మొదటి ఏట మగపిల్లలకు ఒక కూలి, ఆడపిల్లలకు తక్కువ కూలి వ్రాసుకొన్నారు. ఊరిలో అట్లే ఉన్నది గనుక ఎవరికీ తప్పుగా తోచలేదు. ఒక దినము కలుపు సాళ్ళలో ఐదుగురు ఆడపిల్లలు కొడవళ్ళు గట్టు మీద పెట్టి కూర్చున్నారు. తిట్టలేదు, అరువలేదు, కూర్చున్నారు, అంతే. మధ్యాహ్నము వరకు మగపిల్లలు కలుపు తీశారు. ఎంత తీశారో కొలిచి చూచుకొన్నారు. మరునాటి నుండి నోటుబుక్కులో కూలి ఒక్కటే. సాధికారత అను మాటను మన సదస్సులలో విరివిగా వాడుచున్నాము. ఫారములో కూడ ఆ పేరుతో ఒక గడి ఉన్నది, శిక్షణ తరగతులెన్ని అని అడుగుచున్నది. ఈ ఐదుగురు ఏ తరగతికీ పోలేదు.

మరొక సంగతి. కోత దినములలో పిల్లలు ధర్మశాస్త్రములోని మాట జ్ఞాపకము చేసికొని పొలము అంచున కొంత కంది కోయక విడిచిపెట్టి, ఒక విధవరాలిని ఏరుకొమ్మన్నారు. రూతు కథ విన్న పిల్లలు గదా. ఆమె వచ్చి చూచి, "ఏరుకొనుడెందుకు బిడ్డా, నన్ను కూడ కూలికి పిలువుండ్రి. నాకు చేతులు లేవా?" అన్నది. ఆ అంచు కూడ ఆమె చేతనే కోయించి కూలి ఇచ్చారు. రూతును గూర్చి మేము చేసిన ప్రసంగములన్నిటిలో ఆ మాట లేదు.

వారిని పొగడుటకే వచ్చామని అనుకొనవద్దు. లోపములున్నవి, వారి ఎదుటనే చెప్పాము. నష్టమునకు, లాభమునకు బాధ్యులెవరో వ్రాతలో లేదు. ఆ అమ్మాయికి పెండ్లి అయి వెళ్ళిపోయినచో నోటుబుక్కు వ్రాయువారు మరొకరు తయారు కాలేదు. ఇక అన్నిటికన్న పెద్ద లోపము చెప్పుట ఈ సభలో కొందరికి నచ్చదు. ఆ గ్రామములో మనవారి వాడలు రెండున్నవి. పద్నాలుగుగురూ ఒక్క వాడవారే. రెండవ వాడ పిల్లలను ఎందుకు పిలువలేదని అడిగితే, పిలిచినా రారన్నారు. వారి వాడకు వెళ్ళి అడిగితే, పిలువలేదన్నారు. ఆదివారము ఒకే బల్ల యొద్ద పాత్ర పంచుకొనువారు సోమవారము ఒకే సాలులో కలుపు తీయలేకపోవుచున్నారు. ఇది పిల్లలు పుట్టించిన రోగము కాదు. వారికి మనము ఇచ్చినది.

సంఘమునకు చేనితో పని ఏమి అని అడుగువారున్నారు. మన తెలుగు సంఘముల పునాదులలో చేను, కరువు, కూలి ఉన్నవని మరచినవారే ఆ మాట అడుగుదురు. 1876–78 నాటి ధాతు కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషను క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వు కంట్రాక్టు పుచ్చుకొని ఆకలిగొన్నవారికి పని ఇచ్చారు. మెదకులో పాస్నెట్ దొరగారు కరువు దినములలో జనులకు పని చూపించి కట్టించిన దేవాలయము 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడినది. 1912లో దోర్నకల్ అధ్యక్షులుగా అభిషేకము పొందిన అజరయ్యగారు పల్లె సంఘము తన కాళ్ళ మీద తాను నిలువవలెనని జీవితమంతయు బోధించారు. వండు ప్రతి పూట పిడికెడు బియ్యము దేవుని కొరకు తీసి పెట్టు మన తల్లుల అలవాటు ఆ దినములనాటిది.

అయితే ఒక భేదము గమనించవలెను. కాలువ పనిలోను, గుడి పనిలోను చేతులు మనవి, ఆలోచన దొరగారిది. కూలి దొరికినది, ప్రాణము నిలిచినది, దేవునికి స్తోత్రము. కాని ఏది ఎక్కడ త్రవ్వవలెనో నిర్ణయించినవారు మన తాతలు కారు. ఈ గ్రామపు పిల్లలు పత్తి వేసి చెడిపోయి, కంది వేయుట తామే నిర్ణయించుకొన్నారు.

ఈ పనిలో మనకన్న చాల ముందు నడచినవారిని చూడవలెనని జహీరాబాదు ప్రాంతమునకు కూడ వెళ్ళివచ్చాము. అక్కడ 1983 నుండి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారు పని చేయుచున్నారు. అది సంఘపు సంస్థ కాదు. అక్కడి సంఘములు అనగా పల్లెలలోని దళిత స్త్రీల సంఘములు. చాలమందికి అక్షరములు రావు. బీడు పడిన భూములను బాగుచేసి, జొన్న, సజ్జ, కొర్ర, పప్పుధాన్యములు కలిపి పండించారు. 1990ల నడుమ నుండి తాము పండించిన జొన్నలను ఊరి ధాన్యనిధిగా నిలువచేసి బీదలకు తక్కువ ధరకు ఇచ్చారు. బీదలెవరన్నది ఆఫీసువారు కాక ఊరివారే కూర్చుండి తేల్చారు. 2008లో స్వంత రేడియో పెట్టుకొన్నారు. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమానము వారికి వచ్చినది. మేము నేర్చుకొన్నది బహుమానమును గూర్చి కాదు. వారి పని ఒక ప్రాజెక్టు కాలముతో, మూడేండ్లతో ముగియలేదు. ఒకే నేల మీద ఒకే మనుష్యులు దశాబ్దముల తరబడి నిలిచారు. విత్తనము తమ కుండలోనే దాచుకొన్నారు.

మన పిల్లలు నిలువగలరా? ఇదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్న వచ్చునప్పటికి కథ పాస్టరేటు కమిటీ గదిలోనికి వచ్చినది.

తుమ్మ పోయినది, బావిలో నీరున్నది, నేల నల్లబడినది. ఇప్పుడు ఆ చెలకకు గిరాకీ కలిగినది. ఊరిలో కలిగినవారు ఒకరు ఎకరమునకు పది వేల కౌలు ఇత్తునన్నారు. ఏటికి అరవై వేలు. పిల్లల లెక్కలో మూడవ ఏట కూలి పోగా బ్యాంకులో మిగిలినది పద్దెనిమిది వేలు. చేను తిరిగి తీసికొని పాట పెట్టవలెనని కమిటీలో మాట నడచుచున్నది. పెద్దలను దుర్మార్గులుగా చూపుట మా ఉద్దేశము కాదు. ఒక పెద్దాయన మమ్ములను చేయి పట్టుకొని గుడిలోనికి తీసికొనిపోయి కప్పు చూపించారు. "వానొస్తే బల్ల మీదనే చినుకులు పడ్తున్నయి అయ్యగారూ. పిల్లల మీద కోపమా మాకు? పైసలు యాడికెల్లి తేవాలె?" అన్నారు. బల్ల మీది గుడ్డపై నీటి మరకలున్నవి. ఆ మాటకు జవాబు తేలిక కాదు.

అయినను లెక్క పూర్తిగా వేయవలెను. కౌలుకు ఇచ్చినచో అరవై వేలు కమిటీకి వచ్చును. పిల్లలు సాగు చేసినచో పద్దెనిమిది వేలే మిగిలినది నిజము. కాని నాట్లు, కలుపు, కోతల కూలి అంతయు మన వాడ ఇండ్లకే పోయినది. అది మిగులులో కనబడదు. ఆ కూలిలో నుండియే కానుక సంచిలో పడిన నాణెములు ఉన్నవి. మరియొక లెక్క: పది వేల ధర ఆ నేలకు ఎవరి వలన వచ్చినది? తుమ్మ ఉన్నప్పుడు అదే పెద్దమనిషి వేయి రూపాయలకైనను రాలేదు. బాగుచేసినవారిని పంపివేసి, బాగుపడిన నేలను పాట పెట్టుటకు లోకములో ఒక పేరున్నది. సంఘములో ఆ పేరు వినబడకూడదు.

పిల్లలకు ఇంతవరకు ఉన్నది ఏడాది నోటిమాట. ఏడాది మాట మీద ఎవడును పేడ తోలడు. కౌలు రైతుల బాధ మన రాష్ట్రములన్నిటిలో ఇదే. పాసుపుస్తకము తన పేరున లేనివానికి బ్యాంకులో పంట ఋణము దొరకుట కష్టము. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టము ప్రకారము సాగుదారునికి ఇచ్చు హక్కు కార్డు కూడ పదకొండు నెలలకే. పదకొండు నెలలవాడు పదకొండు నెలల పంటనే చూచును. మందు కుమ్మరించి నేలను పిండుకొని పోవును. గట్టు వేయుట, చెట్టు నాటుట, పశువుల ఎరువు తోలుట తరువాతి ఏడు నాదే అన్నవాని పనులు.

ఫలింపని అంజూరపు చెట్టును గూర్చిన ఉపమానము మీద మేము ముగ్గురమూ పలుమార్లు ప్రసంగించాము. చుట్టు త్రవ్వి ఎరువు వేసెదను, గడువు ఇమ్మని తోటమాలి బ్రతిమాలెను గదా. గడువు అనగా దేవుని దీర్ఘశాంతమని చెప్పి ఊరకున్నాము. ఆ నోటుబుక్కు అమ్మాయి మరొకటి చెప్పినది: "ఎరువేసిన ఏడే కాయలు లెక్కపెడితే ఎట్ల అయ్యగారూ? నేల తిని అరిగించుకోవద్దా?" తోటమాలి ఒక్క సంవత్సరమే అడిగాడు, ఆమె ఐదు అడిగినది. నివేదికలో మీ పేర్లు వ్రాయమందురా అని అడిగాము. "పేర్లు రాయకున్నా మంచిదే. సంవత్సరాలు రాయించుండ్రి" అన్నది.

కనుక మేము వ్రాసినది ఇది. ఆ ఆరు ఎకరములు ఐదేండ్లకు వ్రాతపూర్వకముగా యువజనులకు ఇయ్యవలెను. దక్షిణ ఇండియా సంఘపు ఆస్తులు ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉన్నవి గనుక పాస్టరేటు తనంతట తాను అట్టి కాగితము వ్రాయజాలదు. అధ్యక్ష మండలపు ఆస్తుల కమిటీ పూనుకొనవలెను. రెండు వాడల పిల్లలును చేరనిచో కాగితము ఇయ్యకూడదు. ఈ షరతు విని ఇరువైపులవారును మొగము చిట్లించారు, అయినను తీసివేయలేదు. బ్యాంకు సంతకములలో ఒకటి ఆడపిల్లది ఉండవలెను. పుస్తకము పాస్టరు వ్రాయకూడదు. పండినదానిలో పదియవ వంతు కోత పండుగనాడు ధాన్యముగా గుడికి తెచ్చి అందరి యెదుట వేలము వేయవలెను. ఆ డబ్బు కప్పుకే పోవలెను. అది చాలదు. ఈ శతవార్షికోత్సవమునకు పందిళ్ళకు, బ్యానర్లకు, భోజనములకు మనము పెట్టు ఖర్చులో కొంత తగ్గించి ఆ కప్పుకు పంపవలెనని కూడ వ్రాశాము. ఈ చివరి మాట వ్రాసినందుకు ఆఫీసులో కొందరు మమ్ములను పలుకరించుట మానివేశారు.

నివేదిక ఇచ్చి వారములు గడచినవి. మొన్న మృగశిర వానలు పడగానే ఆ అమ్మాయి ఫోను చేసినది.

"జనుము చల్లినం అయ్యగారూ."

"పాట సంగతి తేలినదా అమ్మా?"

"తేలలే."

జనుము తినుటకు కాదు, వారు దానిని అమ్మబోవుటయు లేదు. పూతకు వచ్చునప్పుడు నేలలో కలియదున్నుదురు, తరువాతి పంటకు బలముగా. విత్తిన నలభై ఐదు దినములకు పూతకు వచ్చును. ఆస్తుల కమిటీ సమావేశము ఈలోపుననే ఉన్నది.